తలుపు డాక్టరమ్మ

ఆమె అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో సగం మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

విద్యుత్ దహనవాటిక బయట కానుగ చెట్ల కింద విడివిడిగా నిలబడ్డారు. ఒకాయన హెల్మెట్ చేతిలో పట్టుకునే ఉన్నాడు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కారు దిగి, దూరం నుంచే దణ్ణం పెట్టి, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయింది. మీరెవరని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆమె అన్న కొడుకు నా పక్కకొచ్చి, "వీళ్ళంతా ఎవరు అంకుల్? మా అత్తకి ఇంతమంది తెలుసా?" అన్నాడు. వాళ్ళలో కొందరు నాకు తెలుసు. తెలియదనే చెప్పాను.

మిగతా సగం దొడ్డబళ్ళాపురం నుంచి ఒకే టెంపోలో వచ్చిన ఆడవాళ్ళు. దిగుతూనే గొల్లుమన్నారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఆమె ఎప్పుడేమన్నదీ, ఎవరిని ఎలా కసిరిందీ గట్టిగా చెప్పుకుంటూ ఏడ్చారు. చెట్ల కింద ఉన్నవాళ్ళు తల తిప్పి ఒకసారి చూసి, మళ్ళీ తల దించుకున్నారు.

ఆ రెండు గుంపులవాళ్ళకీ ఆమె డాక్టరే.

నేను బెంగళూరు వచ్చింది తొంభైల మొదట్లో. ఒంగోలు దగ్గర పల్లెటూరివాణ్ణి. చదువు అయిపోగానే ఒక ట్రస్టు ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కరుగా చేరాను. ఆ విభాగానికి ఆమె పెద్ద డాక్టరు. పొట్టి మనిషి, నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. నూలు చీర, చేతికి ఒకే ఒక మట్టిగాజు. మొదటిరోజు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "యా ఊరప్పా నీది? తిండి తిన్నావా? అట్ల నిలబడొద్దు, కూసో," అంది. ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాను. ఇంగ్లీషులో అంత దర్జాగా మాట్లాడే డాక్టరు నోట ఆ తెలుగు నేనెప్పుడూ వినలేదు. తర్వాత తెలిసింది, అది బెంగళూరు పాత బజారు వీధుల్లోని బళేపేట తెలుగు. వాళ్ళది తరాలుగా గాజుల వ్యాపారం చేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. రోగులతో ఏ భాష మొదలుపెట్టినా, వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగే వేళకి వాళ్ళ ఇంటి భాషలోకి వచ్చేసేది.

ఆమె వైద్యమంతా తలుపుతో మొదలయ్యేది. మన దగ్గర ఒక రోగి వెంట నలుగురొస్తారు. తల్లి చెప్తుంది, అన్న సరిదిద్దుతాడు, మామగారు తేల్చేస్తాడు. రోగి గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఈమె లేచి నిలబడి, "జబ్బు ఎవరికి?" అనేది. "మా అమ్మాయికండీ." "అయితే ఆ పిల్ల ఉండనీ. మీరంతా బయటికి పోండి." వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళాక తనే వెళ్ళి తలుపు వేసి, గడియ పెట్టి, పడిందో లేదో అరచేత్తో ఒకసారి తోసి చూసేది. ఆ తర్వాతే కుర్చీలో కూర్చునేది.

ఒకసారి ఒక భర్త ఊరుకోలేదు. నా భార్యతో మీకేం రహస్యాలు అంటూ తలుపు బాదాడు. ఆమె తలుపు సందు చేసి, నెమ్మదిగా, "నీ వంతు వచ్చినపుడు నీకూ ఇట్లనే తలుపేస్తా. అప్పుడు ఎవరు తట్టినా తీయను," అంది. అతను వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాడు. కొన్ని నెలల తర్వాత ఒంటరిగా వచ్చి ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ఆమె అన్నట్టే తలుపేసింది.

వీధిలో ఆమెతో నడవడం ఇబ్బందిగా ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఏ తాళాల కొట్టు ముందో ఆగి, కొనబోయేదానిలా తాళాలు చూస్తూ నిలబడేది. ఎదురుగా ఎవరో రోగి వస్తున్నారన్నమాట. వాళ్ళు కావాలని పలకరిస్తే నవ్వేది. పలకరించకపోతే, వాళ్ళు దాటిపోయేదాకా వెనక్కి తిరిగేది కాదు. "నేను నమస్కారం పెడితే పక్కనున్నోళ్ళు అడగరా, ఆమె నీకెట్ల తెలుసని? పాపం, ఏం చెప్తారు?" అనేది.

నాకు ఆమెతో ఎప్పుడూ తగువే. అప్పట్లో నాకు ఉడుకెక్కువ. జబ్బు మనిషి బుర్రలోనే పుట్టదని, ఇంట్లో, వీధిలో, పనిలో పుడుతుందని, కాబట్టి వైద్యం కూడా అక్కడే జరగాలని వాదించేవాణ్ణి. ఒక్కొక్కరినీ గంటసేపు గదిలో కూర్చోబెడితే ఈ ఊరు ఎప్పటికి తెములుతుంది మేడం, ఆడవాళ్ళను నలుగురినీ ఒకచోట చేర్చి మాట్లాడించాలి, సముదాయమే మందు అనేవాణ్ణి. ఆమె కాఫీ లోటా పక్కన పెట్టి, "నువ్వు జాతర పెట్టప్పా. నేను అక్కడా ఒక గది వెతుక్కుంటా," అనేది.

అంత పట్టుదల ఎందుకో ఒకసారే చెప్పింది. బళేపేటలో వాళ్ళింటికి ఏదో పని మీద వెళ్ళాను. కింద గాజుల అంగడి, పైన ఇల్లు. ఎదురు మిద్దె మీద ఎవరు ఆవులించినా ఇక్కడికి వినపడేంత ఇరుకు వీధి. కాఫీ ఇచ్చి, కిటికీ దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా అక్కకి ఎవరో మాట్లాడినట్ల వినపడేది మొదలైంది. నేను అప్పుడు ఇస్కూల్లో ఉండా. ఇంట్లోవాళ్ళ కంటే ముందు వీధికి తెలిసింది. ఎదురింటామె తాయెత్తు తెచ్చింది. పక్క అంగడాయన ఎవరో స్వామిని పిల్చుకొచ్చినాడు. ఇంకొకాయన బెత్తం తెచ్చినాడు. అందరూ మంచోళ్ళేనప్పా. అందరికీ అక్కంటే ప్రేమే. పిల్లోళ్ళు ఇదో, ఈ కిటికీ కాడ నిలబడి చూస్తాండిరి. అక్క నన్ను ఒకటే అడిగేది, కిటికీ వెయ్యవే అని. అప్పుడు దీనికి రెక్కల్లేవు."

"తర్వాత?"

"జరమొచ్చి పోయింది అని చెప్పుకున్నారు. తిండి మానేసి పోయింది. వీధి వీధంతా వచ్చి ఏడ్చింది. వాళ్ళే గదా వైద్యం చేసినోళ్ళు."

ఆ రోజు నేను సముదాయం మాట ఎత్తలేదు.

దొడ్డబళ్ళాపురంలో నెలకోసారి శిబిరం పెట్టేవాళ్ళం. పట్టునేత ఊరు. మరమగ్గాల చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. అక్కడి నేతవాళ్ళలో తెలుగిళ్ళు చాలా ఉన్నాయి. శిబిరం ఒక కల్యాణ మండపంలో. హాల్లో బల్లలు వేసి అందరినీ వరసగా చూద్దామని నేనంటే, ఆమె మండపమంతా తిరిగి వంటపాత్రల గదిని పట్టింది. దానికి తలుపుంది. పెద్ద గంగాళాలు, గుండిగల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని, ఒక్కొక్కరినీ పిలిచేది. జనం మెట్ల దాకా నిలబడి ఉండేవారు. "తలుపు డాక్టరమ్మ వచ్చిందా?" అని అడిగేవారు. ఆ పేరు అక్కడ పుట్టిందే.

ఆ శిబిరానికి ఒక నేత ఇంటి చిన్నకోడలు వచ్చేది. చిన్న వయసు. చంకలో నడక రాని పాప. అత్త, తోడికోడలు వెంట వచ్చి బయట కూర్చునేవారు. నిద్ర పట్టడం లేదని తెచ్చామనేవారు. లోపల ఏం చెప్పేదో నాకు తెలియదు. ఒక నెల మాత్రం ఆ అమ్మాయి బయటికొచ్చాక డాక్టరమ్మ మళ్ళీ తలుపేసుకుని, చాలాసేపు తర్వాతివాళ్ళను పిలవలేదు. తిరుగు ప్రయాణంలో వ్యానులో రోగుల కాగితాలే తిరగేస్తూ కూర్చుంది. "ఏమైనా ఉందా మేడం?" అంటే, "ఏమీ లేదు," అంది. తర్వాతి శిబిరానికి రెండు రోజుల ముందే బయల్దేరదామా అని కూడా అడిగింది. వ్యాను దొరకలేదు.

మేము వెళ్ళేసరికి ఆ అమ్మాయి లేదు. ప్రాణం తీసుకుని వారమవుతోంది.

తోడికోడలు పాపను ఎత్తుకుని వచ్చింది. వరసలో నిలబడలేదు. నేరుగా వంటపాత్రల గదిలోకి వెళ్ళింది. డాక్టరమ్మ అలవాటుగా తలుపు వేయడానికి లేస్తే, "వెయ్యొద్దమ్మా," అంది. అందువల్ల మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

"చచ్చిపోతానని మా చెల్లి మీతో చెప్పిండెనా?"

"చెప్పిండె."

"మాలో ఎవరికన్నా చెప్పినారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలా?"

"చెప్పొద్దనింది. తెలిస్తే పుట్టింటికి పంపేస్తారు, పాపని ఇక్కడే ఉంచేసుకుంటారు అని ఏడ్చింది. పట్నానికి వచ్చి ఆసుపత్రిలో ఉండమంటి. ఇంట్లో ఏం చెప్పి రావాల అనింది. ఈ నెల వస్తానని నా చేతిలో చెయ్యేసింది."

తోడికోడలు పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వినడం సులువయ్యేది.

"మా అత్తకి చెప్పొద్దు లేమ్మా. నా చెవిలో ఒక మాట వేసింటే చాలు గదా. ఇద్దరం ఒకే మగ్గం కాడ కూసుంటాం. ఒకే పొయ్యి మీద వండుతాం. తెలిసింటే నేను పక్కలోనే పండుకుంటాంటి. ఎక్కడికి పోయినా వెనకే పోతాంటి. కళ్ళముందున్న నాకు తెలీలా. నెలకొకసారి వచ్చే మీకు తెలిసింది. తెలిసి ఏం చేసినారమ్మా?"

డాక్టరమ్మ సమర్థించుకోలేదు. వృత్తి ధర్మం అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. తోడికోడలు వెళ్ళాక వరసలో ఉన్నవాళ్ళందరినీ సాయంత్రం దాకా చూసింది. తలుపు వేసే చూసింది. వ్యానెక్కాక యలహంక దాటేదాకా బయటికే చూస్తూ కూర్చుని, "ఆ పిల్ల నన్ను నమ్మింది. నేను మాట నిలబెట్టుకున్నా," అంది. వ్యాను దిగేటప్పుడు, "పిల్ల పోయింది," అంది.

తర్వాతి శిబిరానికి ఆమె రాలేదు. ఇక రాదనుకున్నాను. ఆ పై నెల వ్యాను దగ్గర నాకంటే ముందే నిలబడి ఉంది. "మండపానికి తర్వాత పోదాం. ముందు ఆ పిల్ల వాళ్ళ వీధికి పదప్పా," అంది.

ఆ రోజుల్లో కరెంటు కోతలు ఎక్కువ. కరెంటు పోతే ఊరంతా మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికి చెవులు గింగురుమనేవి. ఆడవాళ్ళు చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి అరుగుల మీద కూర్చునేవారు. ఆ నెల నుంచి వాళ్ళతో మేము పెట్టిన సమావేశాలు ఆ కోతల వేళల్లోనే. పేరుకు సమావేశం. తోడికోడలు వాళ్ళ అరుగే చోటు. మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఆ తోడికోడలే, "నాకూ బేజారుగానే ఉంటుంది. మా చెల్లి పోయిన కాణ్ణుంచి మగ్గం కాడ ఆ పక్కకి చూడలేను," అంది. ఆ మాటతో ఇంకొకామె, ఆ తర్వాత మరొకామె. నేను మగవాణ్ణి కాబట్టి ఎదురు అరుగు మీద కూర్చునేవాణ్ణి.

నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. కానీ ఆమెకు అది చేతకాలేదు. పెళ్ళివారింట్లో తెలిసినవాళ్ళు లేని అతిథిలా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, అరుగు అంచున కూర్చునేది. ఒకామెను చిన్న గొంతుతో ఏదో అడిగితే, నలుగురు జవాబు చెప్పేవారు. "ఎవరి కష్టానికి ఎవరు ఏడుస్తాండారో తెలీదప్పా నాకి," అనేది. అంతలో కరెంటొచ్చేది. మగ్గాలన్నీ ఒక్కసారి గర్జించేవి. ఆడవాళ్ళు సగం మాట మీద లేచి పరుగెత్తేవారు. ఒక పెద్దామె, "నా కొడుకు నన్ను..." అంటూ ఉండగా కరెంటొచ్చింది. నెల తిరిగాక డాక్టరమ్మ నేరుగా ఆమె పక్కకు పోయి కూర్చుని, "నీ కొడుకు నిన్ను?" అని అడిగింది. ఆ పెద్దామె నవ్వి, తర్వాత ఏడ్చింది.

అక్కడ మంచే జరిగిందని చెప్పలేను. ఒక బాలింత, పసిబిడ్డను చూస్తే తన చేతుల మీద తనకే భయమేస్తోందని ఆ అరుగు మీద చెప్పింది. సాయంత్రానికి ఆ మాట అత్తగారిల్లు చేరింది. బిడ్డ నుంచి విడదీసి ఆమెను పుట్టింటికి పంపేశారు. ఆ సంగతి తెలిసిన రోజు డాక్టరమ్మ నా మీద విరుచుకుపడింది. "చూసినావా నీ సముదాయం? మా బళేపేట ఇక్కడికొచ్చింది. ఆ మాట నాకు తలుపేసి చెప్పింటే ఆ గదిలోనే ఉండిపోయుండేది!" తోడికోడలు, ఇంకొందరు ఆడవాళ్ళు కలిసి ఆమె పుట్టింటికి వెళ్ళి, పెద్దవాళ్ళతో మాట్లాడి, వారం తిరక్కుండా తీసుకొచ్చారు. బిడ్డను ఒళ్ళో పెట్టారు. పగలంతా ఎవరో ఒకరు పక్కన కూర్చున్నారు. ఆమె కోలుకుంది. కానీ ఆ అరుగు మీద మళ్ళీ ఒక్కమాట మాట్లాడలేదు.

అప్పటి నుంచి శిబిరంలో రెండూ నడిచాయి. పొద్దున అరుగు, మధ్యాహ్నం వంటపాత్రల గది. రెండింటిలో దేనిమీదా ఆమెకు పూర్తి నమ్మకం లేదని నాకు తెలుస్తూనే ఉండేది. ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే, ముఖం ముడుచుకుని వేరే మాట ఎత్తేది.

రెండువేల సంవత్సరం దాటాక రిటైరైంది. బళేపేట ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నారు. అన్న కొడుకు సర్జాపుర రోడ్డులో ఫ్లాటు కొని, తను పని మీద పుణేలో ఉంటూ, ఆమెను అందులో ఉండమన్నాడు. తొమ్మిదో అంతస్తు. చుట్టూ ఇంకా కడుతున్న భవనాలు. నేను వెళ్ళినప్పుడల్లా, "పక్కింట్లో ఎవరుంటారు మేడం?" అంటే, "ఎవరో ఉండారు. తలుపు ముందర బూట్లు కనపడతాయి," అనేది. మొదట్లో నవ్వుతూ అనేది.

తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. పనిమనిషిని రావద్దంది. అన్న కొడుకు కంగారుపడి నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి బెల్లు కొడితే లోపలి నుంచి, "బాగుండా అప్పా, పో," అంది. రెండోసారి వెళ్తే అదీ అనలేదు. పేపరు చప్పుడు వినపడింది కాబట్టి ఉందని తెలిసింది. ఎంతోమందిలో ఆ కుంగుబాటును గుర్తుపట్టిన మనిషి తనలో గుర్తుపట్టలేదని నేననుకోను.

నేను దొడ్డబళ్ళాపురానికి ఫోన్ చేసి తోడికోడలికి చెప్పాను. మర్నాడే ఆరుగురు ఆడవాళ్ళు బస్సులు మారి మారి వచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. ఫ్లాటు వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు, పంపను అన్నాడు. నేను సంతకం పెట్టి తీసుకెళ్ళాను. తోడికోడలు తలుపు తట్టి, "అమ్మా, మేమొచ్చినాం," అని ఒక్కసారే అంది. అంతే, వరండాలో గోడకానుకుని కూర్చున్నారు. మూటలు విప్పి చిత్రాన్నం తిన్నారు. పట్టు ధర, కోడళ్ళ సంగతులు, కాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నారు. పక్క ఫ్లాటావిడ తలుపు తీసి, "ఏం జరుగుతోందిక్కడ?" అని ఇంగ్లీషులో అడిగింది. తోడికోడలు కన్నడంలో, "సుమ్మనే కూతిదీవమ్మా," అంది. ఊరికే కూర్చున్నాం అని.

ఎండ వాలే వేళకి గడియ తీసిన చప్పుడైంది. డాక్టరమ్మ జుట్టు దువ్వుకోలేదు. నైటీ మీద శాలువా. కళ్ళు లోపలికి పోయాయి. వాళ్ళను చూసింది.

"ఒక్కొక్కరు రాండి," అంది.

ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. తోడికోడలు ముందు వెళ్ళింది.

తర్వాత మందులు మొదలయ్యాయి. ఒక కుర్ర డాక్టరు చూసేవాడు. ఆ ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి రెండేసి రోజులుండేవారు. ఆమె బాగుపడిందని చెప్పలేను. తినేది, స్నానం చేసేది, అడిగితే మాట్లాడేది. ఒకరోజు బాల్కనీలో కూర్చుని ఉన్నాం. ఎదుటి భవనంలో క్రేను ఇటుకలు ఎత్తుతోంది. నేనేమీ అడగలేదు. తనే అంది.

"చెప్పల్నా, చెప్పొద్దా. ఇన్నేండ్లూ ఇదే తన్నుకలాడినా అప్పా. చెప్పింటే మాట తప్పినట్ల. చెప్పకుంటే పిల్ల పోయింది. ఇంకో దారి ఉండె. నాకు తోచలా."

"ఏంటి మేడం?"

"ఆ పిల్లనే అడగాల్సిండె. అత్తకొద్దు, మొగుడికొద్దు, సరే. నువ్వు ఎవరికి చెప్పమంటావు? ఒక్కరి పేరు చెప్పు అని. చెప్పిండేది. తోడికోడలు బయట బెంచీ మీదే కూసోనుండె. ఇంత సదివినా, అంత చిన్న మాట నా నోటికి రాలా."

ఆ వానాకాలం న్యుమోనియా వచ్చి ఆమె చనిపోయింది. ఆసుపత్రిలో పక్కన తోడికోడలు ఉంది.

నేనిప్పుడూ ఇదే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళు, ఇది ఎవరికీ చెప్పకండి అన్నప్పుడు, చెప్పనని మాటిచ్చి, ఆ ప్రశ్న అడుగుతాను. నీకు మరీ కష్టమైన రోజు నన్ను ఎవరికి చెప్పమంటావు అని. కొందరు వెంటనే ఒక పేరు చెప్తారు. చెప్పాక భుజాలు కాస్త కిందికి దిగుతాయి. కొందరు చాలాసేపు ఆలోచించి, ఇరవయ్యేళ్ళ కిందటి స్నేహితురాలి పేరేదో చెప్తారు. ఈమధ్య ఎక్కువమంది, కుర్రవాళ్ళు ముఖ్యంగా, అలా నా ముఖం వైపు చూసి, ఎవరూ లేరు సార్ అంటున్నారు.

అప్పుడేం అడగాలో ఆమె చెప్పకుండానే పోయింది.